పగడాల పక్కింటి తగవు: చెయ్యి తడవకుండా తీర్చే చిట్కాలు

విశాఖలో మెరైన్ ట్యాంకు పెట్టడం మహా తేలిక. సముద్రం వీధి చివరే ఉంది. హాల్లో ఏసీ ఎలాగూ ఉంది. ఎదురు ఫ్లాటువాళ్లు కుళ్లుకోవాలన్న కోరిక అన్నిటికన్నా ముందే ఉంది. చిక్కల్లా ఒక్కటే: పగడాలు పక్కపక్కన ఉంటే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. బాగా చదువుకున్నవాళ్లు దీనికి జానెడు ఎడం, నెలనెలా కత్తిరింపు, కార్బన్ మార్పు అంటూ బోలెడు చాకిరీ చెబుతారు. వాళ్ల మాట వదిలెయ్యండి. ఈ పద్ధతి పాటిస్తే ఆర్నెల్లలో మీ ట్యాంకులో తగవన్నది ఉండదు. తగవు పడడానికి ఎవరూ మిగలరు.

1. కాగితాలు అడగకండి. రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. పులి ఉన్నదీ ఆ షెడ్యూల్లోనే. పట్టుబడితే మూడు నుంచి ఏడేళ్ల జైలు, పైన జరిమానా. దీన్ని మీరు లాభంగా చూడాలి. పులి కోసం జనం టికెట్టు కొని జూపార్కుకి వెళ్తారు, మీకు టీవీ పక్కనే ఉంటుంది. బిల్లు అడిగితే షాపువాడి ముఖం మాడుతుంది, అందుకని అడగొద్దు. బిల్లు లేక మిగిలిన పన్ను డబ్బుతో ఇంకో రెండు ముక్కలు కొనండి.

2. ఎడం వదలకండి. నాలుగడుగుల ట్యాంకులో జానెడు జాగా ఖాళీగా పెడితే డబ్బులేక వదిలేశారనుకుంటారు చూసినవాళ్లు. టార్చ్ కోరల్ పక్కన బ్రెయిన్ కోరల్, దాన్నానుకుని బబుల్, మధ్య సందులో గలాక్సియా. జెల్ సూపర్‌గ్లూతో గట్టిగా అతికించెయ్యండి, రేపు మనసు మారినా తియ్యడానికి రాకూడదు. షాపులో కుర్రాడు "సార్, అది రేతిరి పూట సేతులు సాపుతాది, దూరంగా ఎట్టండి" అంటాడు. వాడికేం తెలుసు, మీరు కదా డబ్బులిచ్చింది.

3. రాత్రి లైటు ఆర్పాక ట్యాంకు వైపు చూడకండి. అసలు భాగోతమంతా అప్పుడే నడుస్తుంది. పగలు పొట్టిగా ముద్దుగా ఉన్న గలాక్సియా చీకటి పడేసరికి సన్నటి, పొడవాటి టెంటకిల్స్ వదులుతుంది. అడుగు దూరంలో ఉన్నదాన్నీ అందుకోగలదు. వాటి కొసల నిండా విషపు ముళ్ల కణాలు. బ్రెయిన్ కోరల్ తీరు ఇంకా ముచ్చట: తన కడుపులోంచి నూలుపోగుల్లాంటి తెల్లటి దారాలు బయటికి తీసి పక్కదాని మీద పరుస్తుంది. జీర్ణక్రియ బయటే జరిగిపోతుంది. తెల్లారి చూస్తే పక్క పగడం అంచున బొటనవేలంత మేర కండ పోయి ఎముక తెల్లగా మెరుస్తుంటుంది. ఎవరైనా అడిగితే "కొత్త రంగు తిరుగుతోంది" అనండి.

4. వేవ్ మేకర్‌ని టార్చ్ వెనకాల బిగించండి. నీటివాలు ఎటుంటే దాని చేతులు అటే సాగుతాయి. వాలుకి దిగువన అన్నిటికన్నా ఖరీదైనదాన్ని పెడితే మీ పని మోటారే చేసిపెడుతుంది.

5. సైన్సు మీ పక్షాన ఉంది, సభలో వాడండి. 1970ల మొదట్లో జుడిత్ లాంగ్ అనే శాస్త్రవేత్త జమైకా పగడపు దిబ్బల మీద ఈ కొట్లాటలు గమనించి, చకచకా పెరిగేవాటిని నెమ్మదిగా పెరిగే చిన్న పగడాలు జీర్ణం చేసుకుని నిలబడుతున్నాయని చూపించింది. మందకొడితనమే గెలుస్తుందని ఇంత బాహాటంగా రుజువయ్యాక కూడా ఆదివారం పొద్దున్నే లేచి ట్యాంకు కడిగేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది.

6. లెదర్ కోరల్‌ని పెద్దది కొనండి. అది ముట్టుకోకుండానే కొడుతుంది. టెర్పీన్లనే రసాయనాలు నీళ్లలోకి వదిలి, ట్యాంకు అవతలి మూలనున్న రాతి పగడాల ఎదుగుదలని కూడా ఆపేస్తుంది. యాక్టివేటెడ్ కార్బన్ వేస్తే ఆ విషం తగ్గుతుందట. వెయ్యకండి. వేసినా ఏడాదికోసారి మార్చండి, సంక్రాంతికి సున్నం వేయించేటప్పుడైతే గుర్తుంటుంది. పచ్చటి స్టార్ పాలిప్స్ రాయి మొత్తం పాకేస్తే కత్తిరించకండి. వచ్చినవాళ్లకి "లాన్ వేయించాం" అని చూపించండి.

7. పగడాల చుట్టాలైన జోవాలు (జోవాంథిడ్లు) ఎక్కువైపోతే రాయి తీసుకెళ్లి వంటింట్లో మరిగించండి. కొన్ని రకాల్లో పాలీటాక్సిన్ ఉంటుంది, లోకంలోని అతి భయంకరమైన విషాల్లో ఒకటి, ఆవిరితో పాటు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 2018లో ఇంగ్లండులోని స్టీవెంటన్ అనే ఊళ్లో ఒకాయన ట్యాంకులోంచి రాయి తీసి శుభ్రం చేస్తే ఇంటిల్లిపాదీ, వాళ్లకోసం వచ్చిన సిబ్బందీ కలిపి పదిమంది ఆస్పత్రిలో చేరారు. చూశారా, ఒక్క రాయికి ఎంత పలుకుబడి! గ్లవ్స్, కళ్లద్దాలు, తెరిచిన కిటికీ: ఇవన్నీ పిరికివాళ్ల సామాను.

8. ఉప్పు ప్యాకెట్లు దండగ. స్కూటరు మీద డ్రమ్ము పెట్టుకుని వెళ్లి బీచి నీళ్లే పట్టుకురండి. గెడ్డ వచ్చి సముద్రంలో కలిసేచోట ముంచితే దూరం నడవక్కర్లేదు. ఫిషింగ్ హార్బర్లో అయితే డీజిలు ఉచితం. వానల తర్వాత అక్టోబరులో నదుల నీరు కలిసి ఇక్కడి సముద్రంలో ఉప్పదనం బాగా పడిపోతుంది. సరిగ్గా ఆ నెలే మీ నీటి మార్పు పెట్టుకోండి. రిఫ్రాక్టోమీటర్ కొనేబదులు నాలిక చివర వేసి చూసుకోవచ్చు. చప్పగా ఉంటే అరచెంచా వంటుప్పు.

9. సాకులు ముందే సర్దిపెట్టుకోండి. మే నెలలో ఎండ. వన్‌టౌన్‌లో ఉంటే బొగ్గు దుమ్ము. మిగతా కాలమంతా కరెంటు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుఫాను ఇప్పటికీ పనికొస్తుంది: "అప్పట్నుంచీ మా ట్యాంకు కోలుకోలేదండీ" అంటే ఊళ్లో ఎవరూ ఎదురు చెప్పరు. ట్యాంకు 2021లో కొన్నారన్న సంగతి మీ ఆవిడ గుర్తు చెయ్యబోతే కాఫీ అడగండి. ఇంకా గట్టిగా నిలదీస్తే తప్పంతా చేపదని చెప్పండి. క్లౌన్ ఫిష్ కోర్టుకెక్కదు.

10. అన్నీ తెల్లబడ్డాక దిగులు పడకండి. అసలు సంపాదన ఇక్కడే మొదలు. ఎముకలు కడిగి, బాల్కనీలో ఎండబెట్టి, ఫొటో తీసి, "ఒరిజినల్ పగడాలు, వాస్తుకి మంచివి" అని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టండి. చచ్చినదైనా బతికినదైనా చట్టానికి ఒకటే, కాబట్టి ధర తగ్గించనక్కర్లేదు. ఫ్లాటు నంబరు, ఇంట్లో ఉండే వేళలు తప్పకుండా రాయండి. మొదట వచ్చే ఇద్దరూ బేరమాడరు, పంచనామాకి సాక్షులు ఎవరున్నారని అడుగుతారు. ఎదురు ఫ్లాటువాళ్లని పిలవండి, మీ హాలు చూడాలని ఎన్నాళ్లనుంచో అనుకుంటున్నారు.