వంద గజాల పసుపు గీత

పొగాకు రహిత యువత ప్రచారం మూడో విడతకు వచ్చింది. ఇక బస్తర్ పిల్లల ఊపిరితిత్తులకు ఢోకా లేదు. ప్రతిజ్ఞ చేయించారు, ఫొటో దిగారు, పొగాకు రహిత బడికి పెట్టిన తొమ్మిది నిబంధనలకూ టిక్కులు పెట్టారు.

నాకు అన్నిటికన్నా ముచ్చటేసింది పసుపు గీత. బడి ప్రహరీ నుంచి వంద గజాలు కొలిచి గీయాలి. లోపల పొగాకు అమ్మకూడదు. 2003 నాటి చట్టమే. సరే, బస్తర్‌లో కోంటా దాటి లోపలి పల్లెకు పోదాం రండి. ప్రహరీ ఏది? లేదు. కంచె? పొయ్యిలోకి పోయింది. పోనీ, వేపచెట్టు నుంచి కొలుద్దాం. అటు వంద గజాలకు మడి, ఇటు వంద గజాలకు వాగు. మట్టిదారి మీద రంగు నిలవదు గనక ముగ్గులా పోయాలి.

కొలిచేది టేపుతోనా, అంగలతోనా? హెడ్మాస్టరు పొడగరి అయితే కొట్టువాడి కొంప మునిగినట్టే. వాడూ తక్కువవాడేం కాదు, నూట ఒకటో గజంలో బల్ల వేస్తాడు. ఆ ఒక్క గజం నడవడానికి పిల్లాడికి కాళ్లు లేవా? పైగా అక్కడ బీడీలు ఒకటీ రెండూ విడిగానే పోతాయి. కట్ట మీది పుండు బొమ్మ కొట్టువాడొక్కడే చూస్తాడు.

తొమ్మిదో తరగతి పిల్లాడిని పొగాకు మానిటర్‌గా పెట్టొచ్చట. చుట్ట కాల్చే మాస్టారిని వాడు పట్టుకోవాలి.

ఇక్కడిదాకా నవ్వాను. మే 31న పొగాకు వ్యతిరేక దినం. అప్పుడు బడులకు సెలవులు. పిల్లలెక్కడ? అడవిలో, బీడీలు చుట్టే తునికాకు కోస్తున్న అమ్మ వెంట. మధ్యాహ్నం గుడిసె నీడన కూచుని యాభై ఆకులు లెక్కపెట్టి, నారతో కట్ట కడతారు. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బ్యాగు. 2024లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం బ్యాగు ధరను 4,000 నుంచి 5,500 రూపాయలకు పెంచి ఊరూరా చాటుకుంది. యాభై వేల ఆకులకు 5,500. అంటే ఆకుకు 11 పైసలు.

ఆ ఆకు సేకరించేది సర్కారు వారి సంఘాలే, అమ్మేదీ వాళ్లే. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి సిగరెట్టుకు 40 శాతమని, బీడీ పన్ను మాత్రం 28 నుంచి 18కి, తునికాకు పన్ను 18 నుంచి 5కి దించాలని తీర్మానించింది. సిగ్గుండక్కర్లేదా? ఆకు కోయొద్దని నేననడం లేదు, ఆ డబ్బు లేకపోతే వానాకాలం పొయ్యి వెలగదు. ఎండాకాలం ఆ పిల్లల చేత కట్టలు కట్టించుకుని, బీడీ ముట్టమని వాళ్ల చేతే ఒట్టు వేయించుకోవద్దంటున్నాను.

బడులు తెరిచేది జూన్ నడిమికి. అప్పటికి తొలకరి పడుతుంది. గీత మళ్లీ పోయాలి.