కింది నల్లబల్ల

తరగతిలో నల్లబల్ల ఎక్కడుందంటే ఎవరైనా టీచరు కుర్చీ వెనక్కి చూస్తారు. అది పెద్ద బల్ల, టీచరుది. నేను కిందుంటాను. నేల అంచు నుంచి మూడడుగుల ఎత్తు దాకా, మూడు గోడల పొడవునా పూసిన నల్లటి పట్టీని నేను. నా మీద తెల్ల పెయింటుతో నిలువు గీతలు కొట్టి గళ్లు చేశారు. ఒక్కో గడి ఒక్కో బిడ్డది. గడి నెత్తిన ఆ బిడ్డ పేరుంటుంది. ఏడాది మారితే పేరు మారుతుంది.

ఉత్తర చెన్నైలో, రేవుకు పోయే కంటైనర్ లారీల హోరు వినపడే వీధిలో ఉంది మా బడి. కార్పొరేషన్ వాళ్ల తెలుగు మీడియం ప్రాథమిక పాఠశాల. తాతల నాడు నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి వచ్చి ఇక్కడే నిలదొక్కుకున్న కుటుంబాల పిల్లలు మావాళ్లు. తండ్రులు రేవులో మోత పనికి, తల్లులు వీధులు ఊడ్చే పనికి చీకటితోనే వెళ్లిపోతారు. పిల్లలు బడికి ఎవరి దోవన వాళ్లే వస్తారు.

నేను పుట్టింది 2004లో. అంతకు ముందు ఏడాది, కార్పొరేషన్ కమిషనర్ ఎం.పి. విజయకుమార్ చొరవతో 13 బడుల్లో కొత్త పద్ధతి మొదలైంది. మరుసటి ఏడాదికి కార్పొరేషన్ బడులు 264కీ పాకింది. 2007-08 నాటికి తమిళనాడంతటా ప్రాథమిక బడులకు చేరింది. దాన్ని యాక్టివిటీ బేస్డ్ లెర్నింగ్, పొట్టిగా ఏబీఎల్ అనేవారు. బెంచీలు తీసేశారు. పిల్లలు చాపల మీద గుంపులుగా కూర్చునేవారు. టీచరూ కిందే కూర్చునేది. పాఠం పుస్తకంలో కాక కార్డుల్లో ఉండేది. కార్డు మీద ఒక బొమ్మ గుర్తు, నేర్చుకునే వరస చూపే గోడ మీది మెట్ల పటంలోనూ అదే గుర్తు. చదవడం రాని పిల్ల కూడా ఆ గుర్తు పట్టుకుని తన కార్డు తాను వెతుక్కునేది. బొమ్మకు అందం ఒక్కటే కాదు, మనిషికి దోవ చూపే పని కూడా ఉందని ఆరేళ్ల బిడ్డకు అక్కడే తెలిసిపోయేది. డిజైన్‌లో మొదటి పాఠం అదే అని నా నమ్మకం.

ఈ పద్ధతి వేళ్లు మన మదనపల్లె దగ్గరి ఋషివ్యాలీలో ఉన్నాయి. అక్కడి గ్రామీణ విద్యా కేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు 1980ల చివరి నుంచి పల్లె బడుల కోసం తెలుగులో కార్డులు, మెట్ల పటం తయారుచేసుకుంటూ వచ్చారు. చెన్నై టీచర్లు బృందాలుగా అక్కడికి వెళ్లి చూసి, నేర్చుకుని వచ్చారు. గోడ కింద పిల్లల ఎత్తులో నల్లబల్ల, గదికి అడ్డంగా కట్టిన తీగల మీద పిల్లల బొమ్మలు మా ఏబీఎల్ గదుల గుర్తులు.

నన్ను చేసిన మేస్త్రీ సిమెంటు పూత నున్నగా రుద్ది, ఆరాక నల్ల పెయింటు రెండు కోట్లు వేశాడు. కొత్త పెయింటు మీద సుద్ద జారుతుంది. టీచరు మొదటి రోజే సుద్దముక్కను అడ్డంగా పట్టుకుని నన్నంతా తెల్లగా రుద్ది, పొడిగుడ్డతో తుడిచింది. అప్పుడు నాకు పట్టు వచ్చింది. తన చిన్నప్పుడు ఊళ్లో పలకలకు బొగ్గుపొడి, దొండాకు పసరు కలిపి పూసేవాళ్లమని పిల్లలకు చెబుతూ చేసింది ఆ పని.

పిల్లలకు ఏమైనా గీయమని సుద్దముక్కలిస్తే, గదిలో ఉన్న అందరూ ఒకే బొమ్మ గీశారు. రెండు కొండలు, నడుమ సగం సూర్యుడు, ఒక గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు, ముందు వంక తిరిగిన ఏరు. మా వీధిలో కొండ లేదు, ఏరు లేదు. చూసింది గీయడం మానేసి ఎవరో గీసింది గీయడం ఆ వయసుకే అలవాటైపోయింది. టీచరు ఒక్క బొమ్మా తుడవలేదు, బాగాలేదనీ అనలేదు. ఒక పిల్లవాడి గడి దగ్గర చతికిలబడి అడిగింది.

"నువ్వు ఏ దోవన వచ్చినావు కన్నా బడికి?"

"లారీలు పోయే రోడ్డు మీద, మిస్."

"లారీకి ఎన్ని చక్రాలు?"

"శానా ఉండాయి."

"రేపు చూసుకోని రా. లెక్కబెట్టి మాకందరికీ చూపించు."

మర్నాడు ఆ పిల్లవాడు తన గడంతా లారీతో నింపేశాడు. ఒక వైపు చక్రాలన్నీ కింద వరసగా గీశాడు. అటువైపు చక్రాలు కూడా ఉన్నాయి కదా! వాటిని లారీ నెత్తిన తలకిందులుగా గీశాడు. పై బల్ల మీద ఎవరైనా పెద్దవాళ్లు ఇలా గీసుంటే తప్పనేవారు. నా మీద అది తప్పు కాదు. పిల్లలు కంటికి కనపడినంత మాత్రమే గీయరు, తమకు తెలిసినదంతా గీస్తారు. బస్సు గీస్తే లోపల కూర్చున్నవాళ్లు కాళ్లతో సహా కనపడతారు. మొదట్లో మనిషంటే తలకాయ, దానికే తగిలించిన కాళ్లు. ఏడాది గడిచేసరికి పొట్ట వస్తుంది, తరవాత వేళ్లు. నేల ఒక గీత, ఆకాశం పైన మరో గీత, నడుమ అంతా ఖాళీ. ఇవి చాలా దేశాల పిల్లల్లో కనపడే దశలు. వాటిని తొందరపెట్టి దాటించాలని చూసే పెద్దలే పిల్లల చేతి నుంచి సుద్దముక్క జారిపోయేలా చేస్తారు.

ఒక ఆడపిల్ల వాళ్లమ్మను గీసింది. అమ్మ చేతిలో చీపురు కొబ్బరిచెట్టంత ఉంది. పక్క గడి వాళ్లు నవ్వారు. "చీపురెందుకమ్మా అంత పెద్దది?" అని టీచరు నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. "అది శానా బరువు మిస్" అంది పిల్ల. ఎత్తి చూసిందట. టీచరు ఆ చీపురును తగ్గించమనలేదు. మరికాస్త జాగా కావాలేమోనని పక్కనున్న ఖాళీ గడి కూడా ఇచ్చింది.

బొమ్మ నేర్పడమంటే బొమ్మ గీసి చూపించడం అనుకుంటారు చాలామంది. మా టీచరు నా మీద ఒక్క బొమ్మ గీయలేదు. వస్తువులు తెచ్చేది. మునక్కాయ, శంఖు, సొరకాయ బుర్ర, వాళ్ల ఇంటి తాళంచెవుల గుత్తి. మొదట కళ్లు మూసుకుని చేత్తో తడమమనేది. తరవాత కళ్లు తెరిచి, బల్లకేసి చూడకుండా వస్తువునే చూస్తూ గీయమనేది. గీతలు ఎక్కడెక్కడికో పోయేవి. కానీ శంఖు అంచు ఎక్కడ వంగుతుందో ఆ గీతకు తెలిసేది. ఇంకో రోజు పిల్లిని గీయొద్దు, పిల్లి చుట్టూ ఉన్న జాగాకే సుద్ద పూయండి అనేది. తెల్లని నడుమ నల్లపిల్లి మిగిలేది. ఆ పిల్లి నా ఒళ్లే కదా అని నాకెంతో సంతోషంగా ఉండేది. బెండకాయ అడ్డంగా కోసి రంగులో ముంచి కాగితం మీద అచ్చులు వేయించేది. అవి ఆరడానికి తీగకు వేలాడేవి.

ముగ్గుల పాఠం ప్రత్యేకం. నా మీద సరి చుక్క, సందు చుక్క పెట్టించి మెలికల ముగ్గు వేయించేది. ఆడపిల్లలకు అమ్మమ్మలు నేర్పినవి ఉండేవి. మగపిల్లలు మొదట మాకెందుకన్నారు. మెలిక ఎక్కడ మొదలైందో తిరిగి అక్కడికే చేరాలన్న షరతు పెట్టేసరికి పోటీగా కూర్చున్నారు. ఈ ఊరి శివార్లలో, తాంబరంలోని మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో, గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ అనే ముగ్గురు 1974లోనే చుక్కల ముగ్గుల్లోని నియమాలను కంప్యూటర్ శాస్త్రపు వ్యాకరణంగా రాసి వ్యాసం ప్రచురించారు. వాకిట్లో వేసి మధ్యాహ్నానికి తొక్కేసే గీతల్లో అంత లెక్క ఉంది. మా పిల్లలు ఆ లెక్కను వేళ్లతో చేశారు.

మా గదిలో టీచర్ల మీటింగులు జరిగేవి. మరియా మాంటిస్సోరి పేరు అక్కడే విన్నాను. 1939 నవంబరులో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానం మీద ఆమె అడయారు వచ్చింది. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగడంతో శత్రుదేశపు పౌరురాలైపోయి వెనక్కి పోలేక, అడయారులోనూ కొడైకెనాల్‌లోనూ టీచర్లకు పాఠాలు చెబుతూ 1946 దాకా ఈ దేశంలోనే ఉంది. ఆమె సామగ్రిలో వృత్తం, చతురస్రం, త్రిభుజం లాంటి ఆకారాల లోహపు చట్రాలుంటాయి. బిడ్డ చట్రం లోపలి అంచు వెంట ఒక రంగు పెన్సిలు, లోపలి ముక్క అంచు వెంట ఇంకో రంగు నడిపి, నడుమ జాగాను సన్నగీతలతో నింపుతుంది. చేతికి పట్టు, కంటికి కొలత వస్తాయి. మా ముగ్గు చుక్కలు చేసే పనీ అదే. అయితే ఆ చట్రంలో లారీ పట్టదు, అమ్మ చీపురు పట్టదు. అందుకే చేతికి క్రమం నేర్పే పాఠం ఒకటి, కంటికి ధైర్యమిచ్చే పాఠం ఇంకొకటి ఉండాలి. రెండూ వేర్వేరు రోజుల్లో జరగాలి. మా టీచరు ఆ రెండింటినీ ఎన్నడూ కలిపేయలేదు.

చెన్నైకి బొమ్మల చదువు కొత్త కాదు. అలెగ్జాండర్ హంటర్ అనే సర్జన్ 1850లో మొదలుపెట్టిన కళాశాల ఇప్పటికీ ఎగ్మూరులో నడుస్తోంది. దేవీప్రసాద్ రాయ్ చౌధురి, కె.సి.ఎస్. పణిక్కర్ దానికి పెద్దలుగా పనిచేశారు. తెలుగు పిల్లల చందమామ 1947లో పుట్టింది ఈ ఊళ్లోనే. కానీ ఎగ్మూరు మెట్లెక్కేది పదోతరగతో ఇంటరో దాటినవాళ్లు. ఏడేళ్ల బిడ్డకు బొమ్మ నేర్పేదెవరు? 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు చూడండి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో, అదీ పిల్లలు 100 మంది దాటితేనే, కళకు పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలంది. ఒకటి నుంచి ఐదు దాకా ఆ ఊసే లేదు. ఆ వయసులో కన్ను, చెయ్యి అన్నిటికన్నా తెరిచి ఉంటాయి. అప్పుడే వాళ్లకు ఎవరూ లేరు. క్లాసు టీచరుకు ఇష్టముంటే ఉంది, లేకపోతే డ్రాయింగ్ పీరియడ్ లెక్కల్లో కలిసిపోతుంది. ఇది నాకు బాధ కలిగించే విషయం, ఎన్నిసార్లయినా చెబుతాను.

ఒకసారి పిల్లల్ని మెరీనాకు తీసుకెళ్లారు. అక్కడ రాయ్ చౌధురి చేసిన శ్రామిక విజయం విగ్రహం ఉంది. నలుగురు మనుషులు పెద్ద బండను కదిలిస్తుంటారు. 1959 నుంచి అక్కడే ఉంది. తిరిగొచ్చాక ఎవరి గడిలో వాళ్లు గీశారు. ఒకడు నలుగురికీ చొక్కాలు తొడిగి రేవు కూలీలను చేశాడు, వాళ్ల నాన్న పేరు రాశాడు. ఒక పిల్ల మనుషుల్ని వదిలేసి, బండను, దాని మీద ఎనిమిది చేతుల్ని మాత్రం గీసింది. నా మీద పడిన బొమ్మల్లో అంత గట్టి బొమ్మ మరొకటి లేదు. సాయంత్రం తుడిచేశారు. తుడిచేయాలి కూడా. నా మీద మార్కులు పడవు, ప్రైజులుండవు, తప్పు గీత తడిగుడ్డతో పోతుంది. అందుకే నా దగ్గర పిల్లలు భయపడరు. పోటీకి పంపే చార్టు పేపరు ముందు అదే పిల్లలు స్కేలు, రబ్బరు పట్టుకుని బిగుసుకుపోవడం చూశాను. సగం బొమ్మలు ఇళ్లలో పెద్దలు గీసిచ్చేవి.

2015 డిసెంబరు వరదల్లో నీళ్లు నా మీదికి వచ్చాయి. నేలకు దగ్గరగా ఉన్నదాన్ని, మొదట తడిసింది నేనే. పెయింటు అక్కడక్కడా పొక్కింది. బడి తెరిచాక టీచరు పాఠం చెప్పలేదు, సుద్దముక్కలిచ్చింది. పిల్లలు వీధిలో పడవలు గీశారు. ఆ రోజుల్లో జాలర్లు సముద్రపు పడవలు తెచ్చి ఊళ్లో జనాన్ని గట్టెక్కించారు కదా. మంచం మీద మంచం, దాని మీద గ్యాసు పొయ్యి, దాని మీద తాత. ఒకడు గడంతా అడ్డగీతలతో నింపి ఊరుకున్నాడు. అది నీళ్లా అని ఎవరూ అడగలేదు. తరవాత కోవిడ్. 2020 మార్చి నుంచి 2021 నవంబరు 1 దాకా చిన్న తరగతులు తెరవలేదు. తిరిగొచ్చిన రెండో తరగతి పిల్లలకు సుద్దముక్క పట్టుకోవడం రాలేదు. టీచరు అక్షరాలు ఆపి, వాళ్లతో ముందు సున్నాలు, మెలికలు, వాన గీతలు గీయించింది. అక్షరం వాటి వెంటే వచ్చింది.

ఇప్పుడు ఏబీఎల్ పేరు పోయి వేరే పథకాలు వచ్చాయి. 2006 తమిళ అభ్యసన చట్టం వచ్చాక తమిళం తప్పనిసరైంది. తెలుగు మీడియంలో పేర్లు తగ్గాయి, నా గళ్లు కొన్ని ఖాళీగా ఉంటున్నాయి. ఈ ఏడాది గదికి రంగులు వేయిస్తున్నారు. గోడల మీద కార్టూన్ బొమ్మలు, పళ్లు, జంతువులు, కింద దాకా. చూడ్డానికి బాగానే ఉంటాయి. కానీ అవి పెద్దవాళ్లు గీసిన బొమ్మలు. ఒకసారి గీస్తే పదేళ్లుంటాయి, పిల్లలు వాటిని చూడాలే తప్ప ముట్టుకోకూడదు.

నిన్న పెయింటరు డబ్బాలు దించుతుంటే టీచరు నా పక్కన నిలబడింది.

"అన్నా, ఇక్కడ నుంచి కిందికి బొమ్మలొద్దు."

"మొత్తం గోడకని చెప్పినారమ్మా."

"హెడ్మాస్టర్ గారితో నేను మాట్లాడినాను. ఈ మూడడుగులకీ నల్ల పెయింటే. పొక్కిన చోట గీకి, ఉప్పుకాగితం పట్టి, రెండు కోట్లు వెయ్యి. గళ్ల గీతలు కూడా కొట్టాల."

"గళ్లెన్నమ్మా?"

"ఇప్పుడున్న పిల్లలకన్నా నాలుగు ఎక్కువ పెట్టు. జూన్‌లో కొత్తవాళ్లు వస్తారు."