రగులని ఇంజను: ఒక ఆటవెలదికి టీకాతాత్పర్యములు

అవతారిక

ఇంగ్లండు దేశమున స్ట్రౌడు ప్రాంతమందు ఎడ్విన్ బడ్డింగు అను యంత్రజ్ఞుడు, ఉన్నిబట్టలమీది నూగును గత్తిరించు యంత్రమును జూచి, ఆ పద్ధతినే పచ్చికను గూడ కత్తిరింపవచ్చునని యూహించి 1830లో గడ్డికోత యంత్రమునకు పేటెంటు పొందిననాడు, దానిని త్రోయువాడు మనుష్యుడే గనుక, అది కదలకున్నచో దోషమెవరిదని విచారింప నక్కఱలేకుండెను. పిమ్మట దానికి పెట్రోలు ఇంజనును, నాలుగు చక్రములును, పైన నొక సీటును అమరి, అమెరికాలో అరయెకరమో యెకరమో పచ్చిక గల గృహస్థులకు, వారిలో మన తెలుగువారికిని, అది రైడింగ్ మోవరను పేర వాహనమైన తరువాత, విచారణ యవసరమైనది. శీతకాలమంతయు గ్యారేజీలో నిద్రించిన యంత్రము ఏప్రిలు నెలలో తాళము త్రిప్పగా పలుకకపోయినపుడు, గృహస్థుడు ముందుగా చేయు పని బానెట్టు ఎత్తి, స్క్రూడ్రైవరు చేతబట్టి, ఏ పాపమెఱుగని కార్బురేటరును విప్పుట. ఆ చేతిని కొంత తడవు ఆపుటకే ఈ పద్యము పుట్టినది. మూలకారుడును వ్యాఖ్యాతయు నేనే యగుటచేత, కొలిచెలమ ఇంటిపేరుగా గల మల్లినాథసూరివలె మూలమున లేనిది వ్రాయనని ప్రతిజ్ఞ చేయుటకు నాకు ధైర్యము చాలదు. ఇందు మూలమున లేనిదే యెక్కువ.

మూలము

సీటు చూచి తొలుత చేరి కూర్చుండుము
బ్రేకు తొక్కి కత్తి విడిచి తిప్పు
తిరుగకున్న తప్పు తీగలందున నుండు
తిరిగి రగులకున్న తిండి తప్పు

ప్రతిపదార్థము

తొలుత = అన్నిటికంటె ముందు, సీటు = ఆసనమును, చూచి = పరిశీలించి, చేరి కూర్చుండుము = దానిపై నిండు బరువుతో ఆసీనుడవగుము; బ్రేకు తొక్కి = పెడలును అడుగంట నొక్కి, కత్తి విడిచి = బ్లేడులను ఇంజనుతో గలుపు మీటను వదలి, తిప్పు = (తాళపుచెవిని అని అధ్యాహారము) త్రిప్పుము; తిరుగకున్న = ఇంజను తిరుగనే తిరుగకపోయినచో, తప్పు = దోషము, తీగలందున నుండు = విద్యుత్తు నడచు దారిలో నుండును; తిరిగి = తిరిగినదయ్యును, రగులకున్న = అంటుకొనకపోయినచో, తిండి తప్పు = ఆహారముదే దోషము.

తాత్పర్యము

రోగము చిన్నది గావచ్చును, పెద్దది గావచ్చును. చికిత్సకు మాత్రము క్రమము తప్పరాదు. దగ్గఱిది ముందు, దూరపుది పిదప. చిల్లికానీయైన ఖర్చులేనిది ముందు, చెక్కు వ్రాయవలసినది చివర.

విశేషములు

వేసవికి కూతురింటికి విచ్చేసిన మామగారు, గుంటూరు మెట్టసీమలో ఆయిలింజనుతో చేలు తడిపినవారు, ప్రథమపాదము వినగానే పూర్వపక్షము చేసిరి: "అల్లుడుగారూ, ఇంజనుకూ కుర్చీకీ సంబంధమేమిటండీ? నేను మంచంమీద పడుకున్నా మా ఇంజను నడిచేది." ఆక్షేపణ యుక్తమైనదే. కాని ఆయిలింజను క్రింద మనుష్యుని పాదమును దునుమగల కత్తులు తిరుగవు. ఇందు తిరుగును. కావుననే నిర్మాతలు సీటు క్రింద నొకటి, బ్రేకు చెంత నొకటి, కత్తి మీట చెంత నొకటి స్విచ్చుల నమర్చి, అవి యంగీకరింపనిదే సెల్ఫునకు కరెంటు పోకుండ కట్టుదిట్టము చేసిరి. కొన్ని నమూనాలలో బ్రేకును కత్తియు సరిగానున్నచో ఇంజను అంటుకొనును గాని, బ్రేకు వదలినంతనే సీటుపై నెవరును లేరని గ్రహించి ఆగిపోవును. మనుష్యుడు యంత్రమును పరీక్షించుటకు ముందు యంత్రమే మనుష్యుని పరీక్షించుచున్నదని భావము. గతుకులలో నడచునప్పుడు ఇంజను ఉన్నట్టుండి ఆగుచుండినచో, సీటు క్రింది స్విచ్చు అరిగెననియో, దాని తీగ వదులయ్యెననియో, చలికాలమున ఎలుక కొఱికెననియో శంకింపవలెను. కత్తి మీటను నాలుగైదు మాఱులు వేసి తీసి, పెడలును బలముగా తొక్కినంతమాత్రమున లేచి కూర్చున్న ఇంజనులు పెక్కు. ఈ స్విచ్చుల బెడద పడలేక రెండు తీగలను ఒకటిగా ముడివేసి, యంత్రమును మోసపుచ్చు ఘనులు కలరు. వారి పద్ధతిని ఈ వ్యాఖ్యాత అంగీకరింపడు, వారి కాళ్ళు వారికి పదికాలములు ఉండవలెనని కోరును.

తృతీయపాదమున చెప్పవలసినది కొద్ది. త్రిప్పగా ఏ శబ్దమును రానిచో ఫ్యూజునో, పైన చెప్పిన స్విచ్చులనో చూడవలెను. టిక్కుమని యొక్క ధ్వని మాత్రము వచ్చి యూరకుండినచో సెల్ఫునకు కరెంటును కలుపు సోలినాయిడు తన వంతు పలికినదనియు, బ్యాటరీ తన వంతు చేయలేకపోయినదనియు ఎఱుగునది. నిండుగా చార్జి ఉన్న పండ్రెండు వోల్టుల బ్యాటరీ మీటరుపై 12.6 చూపును, సెల్ఫు త్రిప్పుచుండగా అది 9.6 కంటె దిగజాఱినచో బ్యాటరీకి ఓపిక తీరినదన్నమాట. అయితే క్రొత్తది కొనుటకు పరుగెత్తక, ముందు టెర్మినళ్ళపై పేరుకొనిన తెల్లని పొడిని గీకి, నట్లు బిగించి చూచుట వివేకుల లక్షణము.

చతుర్థపాదమే ఈ పద్యమునకు ప్రాణము. అమెరికాలో బంకులయందు సాధారణముగా దొరకు పెట్రోలులో నూటికి పది పాళ్ళ వఱకు ఇథనాలు కలిసియుండును. ఇథనాలు గాలిలోని తేమను పీల్చును. ఆ నీరు మితిమీఱినపుడు ఇథనాలుతో గూడి అడుగునకు దిగును. ఇంజను త్రాగునది ఆ యడుగు కషాయమే. పెట్రోలునకు స్వయముగా వృద్ధాప్యము గూడ కలదు. నెల దాటిన పిమ్మట అది తేలిక గుణమును గోల్పోయి, నెలలు గడచినకొలది జిగటయై, కార్బురేటరులోని వెండ్రుకవంటి జెట్టు రంధ్రములను పూడ్చివేయును. అందుచే అక్టోబరులో ట్యాంకున స్టెబిలైజరు పోసి కొంతసేపు నడపుటయో, ట్యాంకును ఖాళీచేయుటయో చేసినవాడు ఏప్రిలులో ఈ పద్యమును చదువనవసరములేదు. పదునైదు పాళ్ళ ఇథనాలు గల పెట్రోలును మోవరులకు పోయరాదని అక్కడి ప్రభుత్వశాసనమే కలదు. ఇంకొక సూక్ష్మము: ఇంజను పావుగంట చక్కగా నడచి, ఊపిరాడనట్లు ఆగి, కొంతసేపటికి మరల నడచుచుండినచో ట్యాంకు మూతను వదులుచేసి చూడవలెను. మూతలోని గాలిదారి పూడుకొనినచో లోపల శూన్యమేర్పడి పెట్రోలు దిగదు. ఇంతటి మహారోగమునకు మందు మూతను అరచుట్టు త్రిప్పుట.

ఇచట తార్కికుని ప్రశ్న: "ఆహారము చెప్పితివి, అగ్ని యేది? ప్లగ్గు దోషమును పద్యమేల చెప్పదు?" సమాధానము: తిండి యనుట ఉపలక్షణము. ఆహారమన్నపుడు దానిని పచనముచేయు జఠరాగ్నియు, అగ్నిని నిలుపు గాలియు గూడ గ్రహింపవలెను. తిండి, నిప్పు అను రెంటిలో దోషమెందున్నదో నిర్ణయించు హేతువు ప్లగ్గే. కొంతసేపు త్రిప్పి, ప్లగ్గును ఊడదీసి చూడగా అది పొడిగా నున్నచో పెట్రోలు రానేలేదు. తడిసియున్నచో పెట్రోలు వచ్చినది, నిప్పు రాలేదు, లేదా పెట్రోలే మితిమీఱినది. నిప్పు రాకున్నచో ప్లగ్గు మొనల నడుమ సందు చాల ఇంజనులలో ముప్పావు మిల్లీమీటరు ఉండవలెనని సరిచూచి, మసి పట్టినదానిని మార్చవలెను. ఇక నైయాయికులు కొండమీద పొగను జూచి నిప్పున్నదని నిశ్చయింతురు. మోవరు విషయమున పొగను జూచి నిప్పు జాతిని గూడ నిశ్చయింపవలెను. నల్లని పొగ వచ్చినచో గాలి చాలలేదు, ఫిల్టరు మూసికొనినది. నీలిపొగ వచ్చినచో ఇంజను తన నూనెను తానే తినుచున్నది.

మూలకారునకు తప్పిపోయిన స్థితి యొకటి కలదు. ఇంజను తిరుగకపోదు, తిరిగినట్లును కాదు; అరచుట్టు తిరిగి గోడను గ్రుద్దినట్లు నిలిచిపోవును. ఆటవెలదికి అయిదవ పాదము లేమిచే దీనిని గద్యమున చెప్పవలసివచ్చెను. బ్యాటరీ బలహీనమైనను ఇట్లగును గాని, క్రొత్త బ్యాటరీ, దాని వెంట క్రొత్త సెల్ఫు కొనిన తరువాత గూడ ఇట్లే యగుచున్నచో కారణము వాల్వులలో నున్నది. సెల్ఫునకు భారము తగ్గించుటకై, ఆరంభమున వాల్వును ఇంచుక యెత్తి, లోపల నొక్కుకొనిన గాలిని కొంత వదలు చిన్న ఏర్పాటు క్యాముషాఫ్టుపై నుండును. వాల్వు సందు అరిగి పెద్దదైనపుడు ఆ యెత్తు వాల్వును అందుకొనలేదు. పిస్టను నిండు ఒత్తిడికి ఎదురుపడి ఆగిపోవును. దీనిని నేను సంస్కృత పదజాలముతో వివరించుచుండగా, అంతవఱకు ప్రతి పాదమునకును అడ్డుపడిన మామగారు మధ్యలోనే ఆపి, "డీకంప్రెషన్ అనండి, సరిపోయె. మా ఇంజనుకు చేత్తో ఎత్తే లివరుండేది, హ్యాండిలు వేసేటప్పుడు ఎత్తిపట్టేవాళ్ళం. మీదానికి ట్యాపెట్ పట్టాలి, ఫీలర్ గేజి ఉందా?" అనిరి. వాల్వు మూత విప్పి, ప్లగ్గు తీసి, రెండు వాల్వులును మూసియుండు వేళ పిస్టనును పైకొసకు తెచ్చి, మరి పావు అంగుళము దాటించి, మాన్యువలులో చెప్పిన మందముగల గేజి రేకును సందులో దూర్చి నట్టు బిగించుట దీని విధానము. గేజి మాత్రము ఇంట లేకపోయెను.