షాంఘై చూసొచ్చారట, జరగండి!

షాంఘై వెళ్లొచ్చినవాణ్ణి గుర్తుపట్టడం తేలిక. పెళ్లిభోజనాల బంతిలో మీ పక్కనే కూచుంటాడు. పప్పు వడ్డించేలోపే మనం వందేళ్లు వెనకబడి ఉన్నామంటాడు. పులుసు వచ్చేసరికి ఈ దేశానికి ప్రజాస్వామ్యం పడదని తేల్చేస్తాడు. పెరుగన్నం దగ్గర, ఒక్క నియంత, ఒక్క పదేళ్లు చాలునని వరమిచ్చి చెయ్యి కడుక్కోవడానికి లేస్తాడు. ఆయన చూసిందల్లా విమానాశ్రయం, హోటలు, సరుకు బేరమాడిన ఫ్యాక్టరీ, రాత్రిపూట హ్వాంగ్‌పూ నది ఒడ్డు. నూట నలభై కోట్ల జనాన్ని ఎలా ఏలాలో చెప్పడానికి ఆ మాత్రం పరిశోధన చాలదా?

ఆయన ముందుగా ఎత్తుకునేది రైలు. పుడోంగ్ విమానాశ్రయంలో దిగగానే మాగ్లెవ్ ఎక్కుతాడు. అయస్కాంత బలంతో తేలుతూ పోయే రైలు, 2004 నుంచి నడుస్తోంది. పెట్టెలో వేగం చూపే అంకెల బోర్డుంటుంది. మనవాడు కిటికీలోంచి ఊరు చూడడు, ఆ బోర్డుకే ఫోను గురిపెట్టి కూచుంటాడు. ఒకప్పుడది గంటకు 431 కిలోమీటర్లు పోయేది, 2021 నుంచి 300 దాటనివ్వడం లేదు. అయినా మన విందుల్లో మాత్రం ఆ రైలు 431 నుంచి ఒక్క కిలోమీటరు కూడా తగ్గదు. 30 కిలోమీటర్లు ఎనిమిది నిమిషాల్లో అయిపోయాయంటాడు. ఆ తరవాతి ముక్క చెప్పడు. రైలు లోంగ్‌యాంగ్ రోడ్ స్టేషన్లో ఆగిపోతుంది. అది ఊరి నడిబొడ్డేమీ కాదు. అక్కణ్ణుంచి పెట్టెలు ఈడ్చుకుంటూ మామూలు మెట్రో ఎక్కాలి. ఆ మెట్రో వచ్చేది కూడా విమానాశ్రయం నుంచే.

మరి రైలు అక్కడే ఎందుకు ఆగింది? హాంగ్‌జౌ దాకా పొడిగిద్దామనే అనుకున్నారు. దారి పొడుగునా అప్పుచేసి ఫ్లాట్లు కొనుక్కున్న మధ్యతరగతి వాళ్లున్నారు. చప్పుడు, రేడియేషన్, అన్నిటికీ మించి ఫ్లాటు ధర పడిపోతుందన్న దిగులు (ఈ దిగులు మనకు అనువదించి చెప్పక్కర్లేదు). 2008 జనవరిలో వాళ్లు వందలాదిగా పీపుల్స్ స్క్వేర్‌కు వచ్చారు. ఊరేగింపంటే లోపలేస్తారు గనక వాకింగ్‌కు వచ్చామన్నారు. పొడిగింపు అటకెక్కింది. అక్కడ ఎవడూ నోరెత్తడు గనకే పనులవుతున్నాయని చెప్పడానికి మనవాడు ఏరికోరి తెచ్చుకున్న ఉదాహరణ, జనం నోరెత్తాక ఆగిపోయిన రైలు!

నిజంగా అసూయపడాల్సింది ఆ రెండో రైలును చూసి. 1993లో మొదలైన మెట్రో ఇప్పుడు 800 కిలోమీటర్లు దాటింది. హైదరాబాద్‌లో మనం 69 దగ్గర నిలబడి ఫ్లెక్సీలు కడుతున్నాం. కుళ్లుకుందాం, తప్పులేదు. కానీ మామూలు జనం ఆఫీసుకు పోయే బండిలో మన యాత్రికుడికి ఏ గొప్పా కనిపించదు. పైగా ప్రతి స్టేషన్లోనూ సంచీ స్కానర్లో పెట్టమంటారు.

ఇక కార్లు. రోడ్లెంత ఖాళీగా ఉన్నాయో అని నిట్టూరుస్తాడు. షాంఘైలో పెట్రోలు కారు కొంటే సరిపోదు, నంబరు ప్లేటును నెలనెలా జరిగే వేలంలో పాడుకోవాలి. తొంభై వేల యువాన్ల దాకా పలుకుతుంది, అంటే మన లెక్కలో పదిలక్షలు. మనవాడు 9999 కోసం ఆర్టీఏ ఆఫీసులో లక్షలు పోస్తాడు. అక్కడివాడికి ఏ నంబరైనా సరే, దొరికితే చాలు. ఆ పద్ధతి రేపు విజయవాడలో పెడితే ధర్నాకు ముందువరసలో కూచునేది ఎవరో చెప్పమంటారా?

అన్నట్టు, ఈ క్రమశిక్షణ మనకెప్పుడొస్తుందంటూ బంధువుల వాట్సాప్ గ్రూపులో ఆయన పెట్టిన మెసేజి షాంఘై నుంచే వచ్చింది. అక్కడ వాట్సాప్ నిషేధం. గూగుల్, యూట్యూబ్, ఫేస్‌బుక్ కూడా అంతే. వీపీఎన్‌తోనో మన రోమింగ్ సిమ్‌తోనో గోడ దూకి, అవతలివైపు నుంచి గోడను పొగిడాడన్నమాట.

పీపుల్స్ స్క్వేర్‌ను ఆనుకునే ఒక పార్కుంది. శని, ఆదివారాల్లో అక్కడికి వెళ్తే మనవాడికి సొంతూరికి వచ్చినట్టుండేది. తెరిచిన గొడుగులు నేలమీద వరసగా పెట్టి, ఒక్కో గొడుక్కీ ఒక్కో కాగితం తగిలించి తల్లిదండ్రులు మడతకుర్చీల్లో కూచుంటారు. పుట్టిన ఏడు, ఎత్తు, చదువు, జీతం, సొంత ఫ్లాటుందా లేదా. అబ్బాయీ ఉండడు, అమ్మాయీ ఉండదు, గొడుగులే సంబంధాలు మాట్లాడుకుంటాయి. ఆ కాగితంలో బరువైన గడి ఇంకొకటుంది: షాంఘై హుకౌ. అంటే ఈ ఊరివాడేనన్న ప్రభుత్వ ముద్ర. 2020 జనాభా లెక్కల్లో రెండున్నర కోట్లకు చేరువైన ఆ ఊళ్లో కోటిమందికి ఆ ముద్ర లేదు. మనవాడు ఫొటోలు తీసుకున్న భవనాలు కట్టింది, ఆయన హోటలు గదికి నూడుల్స్ తెచ్చిచ్చింది ఆ కోటిలోని వాళ్లే. వాళ్ల పిల్లల్లో చాలామంది కాలేజీ ప్రవేశపరీక్ష రాయడానికి సొంత రాష్ట్రానికి పోవాల్సిందే. ముల్కీ, నాన్‌ముల్కీ అని దశాబ్దాలు తన్నుకున్న మనకు ఇది ఇట్టే అర్థమవ్వాలి. కాకపోతే మనం తన్నుకోగలిగాం.

ఎర్రజెండా యాత్రికుల సంగతీ చెప్పాలి, లేకపోతే నొచ్చుకుంటారు. వాళ్లు వెళ్లేది షింగ్‌యె రోడ్డుకు. అక్కడి 76వ నంబరు ఇంట్లోనే 1921 జులైలో పదముగ్గురు ప్రతినిధులు చైనా కమ్యూనిస్టు పార్టీ తొలి మహాసభ జరిపారు. అప్పట్లో ఆ పేటను ఏలుతున్న ఫ్రెంచివాళ్ల పోలీసులు వాసన పట్టడంతో చివరి సమావేశాన్ని జియాషింగ్‌లో పడవమీదికి మార్చారు. ఇప్పుడా ఇల్లు మ్యూజియం. దానికి ఆనుకుని షిన్‌తియెందీ, ఊళ్లోకెల్లా ఖరీదైన షాపింగు వీధుల్లో ఒకటి. కామ్రేడ్ పిడికిలి బిగించి ఫొటో దిగుతాడు, నాలుగడుగులేసి పక్కనే కాఫీ తాగుతాడు. బిల్లు చూశాక పెట్టుబడిదారీ దోపిడీ మీద మళ్లీ నమ్మకం కుదురుతుంది.

2022 వసంతంలో రెండు నెలలపాటు ఆ మహానగరం తలుపులన్నీ బయటినుంచి మూశారు. కోవిడ్ అన్నారు. ఆకాశహర్మ్యాల్లో ఉంటున్నవాళ్లు కూరగాయల కోసం పొరుగువాళ్లతో వస్తుమార్పిడికి దిగారు, బాల్కనీల్లోకొచ్చి గిన్నెలు మోగించారు. అదే ఏడాది నవంబరులో ఉరుంచీ నగరంలోని ఒక అపార్ట్‌మెంటులో నిప్పంటుకుని పదిమంది చనిపోతే, కోవిడ్ కట్టడి వల్లే వాళ్లు బయటపడలేకపోయారన్న కోపంతో షాంఘైలో ఆ ఊరి పేరే ఉన్న రోడ్డుమీదికి కుర్రకారు వచ్చింది. ఏం రాసినా నేరమే గనక తెల్లకాగితాలు పట్టుకున్నారు. దానికీ పట్టుకెళ్లారు. రోడ్డుపేరు రాసిన బోర్డును కూడా పీక్కుపోయారు.

మనవాడికి ఇదంతా చెప్పి చూడండి. ఒక్క క్షణం ఆలోచించి, "చూశారా, కాగితం మీద ఒక్క అక్షరం తప్పు లేదు. అదండీ క్రమశిక్షణంటే!" అంటాడు.