అస్థిపంజరానికి ఒంటిరంగు

మొత్తానికి నలుపు తెలుపు పీడ విరగడైంది. 90 ఏళ్లకు పైగా బూడిదరంగులో మగ్గిన పాత కార్టూన్లకు ఈ హాలోవీన్‌తో మోక్షం. ఫోన్ తెరిస్తే చాలు, "ఇంతవరకూ ఎవరూ చూడని రంగుల్లో, 4కేలో, సెకనుకు 60 ఫ్రేముల్లో" అంటూ కానుకలు వచ్చి పడుతున్నాయి. ఇక్కడ న్యూజెర్సీలో మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపు మాత్రం ఎందుకు వెనకబడుతుంది? పిల్లలకు క్యాండీ, పెద్దలకు మిర్చి బజ్జీ, అందరికీ కలిపి "వింటేజ్ కార్టూన్ నైట్, ఫుల్ కలర్" అని ప్రకటన దిగిపోయింది. వింటేజ్ కావాలి, పాతగా మాత్రం కనబడకూడదు. పెళ్లికూతురు కావాలిగానీ ఆడపిల్ల కాకూడదన్నంత తేలిగ్గా అడిగేశారు.

అందరికంటే మా బావమరిది ఉత్సాహం ఎక్కువ. "బావా, ఏఐ పెట్టి ఒరిజినల్ కలర్స్ వెనక్కి తెచ్చార్ట, చూడు" అంటూ 'ది స్కెలిటన్ డ్యాన్స్' పంపాడు. చూశాను. శ్మశానం, నాలుగు అస్థిపంజరాలు. నాలుగింటికీ లేత గులాబీలో కాస్త గోధుమ కలిపిన రంగు. ఒంటిరంగు. ఎముకలకు!

ఇక్కడ నేను కాసేపు ఆగక తప్పదు. చర్మం పోయి, కండ పోయి, కొవ్వు పోయి, పేరూ ఊరూ కులమూ వీసా స్టేటస్సూ అన్నీ పోయాక మిగిలేదాన్ని కదా అస్థిపంజరం అంటాం. దానికి చర్మం రంగు వేశారు. మనిషి ఆకారం కనబడితే చాలు, ఆ యంత్రానికి గులాబీ రంగే గుర్తొస్తుంది కాబోలు. పక్కటెముకల మధ్య ఖాళీల్లో కూడా కాస్త పూసింది, ఎందుకైనా మంచిదని. పుర్రెకు బుగ్గలున్నట్టు ఎరుపు. ఒకడు గిరుక్కున తిరిగేసరికి రంగు వదిలేసి తెల్లబడ్డాడు. మళ్లీ ఇటు తిరిగేసరికి గులాబీ. సిగ్గుపడుతున్నాడనుకోవాలి.

పైగా ఇవి "ఒరిజినల్ కలర్స్" అట. ఒరిజినల్ ఎక్కడుంది నాయనా? వీధిలో కెమెరా పెట్టి తీసిన సినిమా అయితే, నటి చీర నిజంగా ఏదో రంగులో ఉండే ఉంటుంది కదా అని వాదించొచ్చు. ఇది 1929లో అబ్ ఐవర్క్స్ అనే మనిషి కాగితం మీద గీసిన బొమ్మ. సెల్యులాయిడ్ పలకల మీదికెత్తి దానికి పూసిన రంగులే నలుపు, తెలుపు, మధ్యలో బూడిద. దాని అడుగున దాక్కున్న ఎరుపూ లేదు, పసుపూ లేదు. గోకి చూస్తే నలుపు కింద ఖాళీ పలకే ఉంటుంది. లేనిదాన్ని "వెనక్కి తెచ్చాం" అని చెప్పడానికి చాలా ధైర్యం కావాలి. బాపు గీసిన గీత మీద స్కెచ్ పెన్ను రుద్ది, పాపం ఆయన మర్చిపోయాడండీ, మేం పూర్తిచేశాం అని చెప్పినంత ధైర్యం.

ఇదే మా బావమరిది ఇంటి ముందు గడ్డిలో 12 అడుగుల ప్లాస్టిక్ అస్థిపంజరం నిలబడి ఉంది. 2020లో ఇవి మార్కెట్లోకి వచ్చినప్పుడు జనం ఎగబడి కొన్నారే, ఆ జాతిదే. అది తెల్లగా ఉంది. దానికి రంగు లేదని ఇంతవరకూ ఒక్క పిల్లాడూ ఏడవలేదు. "ఒరిజినల్ కలర్ ఏదీ?" అని ఏ తల్లీ అడగలేదు. నెలరోజులుగా వీధి వీధంతా తెల్లటి ఎముకల మధ్య తిరుగుతూ, ఇంట్లోకొచ్చి టీవీలో మాత్రం గులాబీ ఎముకలు చూడాలట. లేకపోతే పిల్లలకు బోరు.

ఆ పిల్లల్ని నేను ఎరుగుదును. తెల్లటి గోడ మీద చేతివేళ్ల నీడతో కుక్కను చూపిస్తే పది నిమిషాలు కదలని పిల్లలు. బోరు వాళ్లకు కాదు. పిల్లలకు బోరు కొడుతుందేమోనన్న భయం పెద్దలది. ఆ భయం మీదే ఈ వ్యాపారం నడుస్తోంది.

అసలు ఆ ఐదున్నర నిమిషాల బొమ్మలో ఏముందో చూద్దాం. మెరుపు మెరిస్తే గుడ్లగూబ కళ్లు వెలుగుతాయి. సమాధుల మీద రెండు పిల్లులు ఒకదాని ముక్కు ఒకటి పట్టుకు లాగుతాయి. వాటి వెనక నుంచి లేస్తుంది ఒక అస్థిపంజరం. నడుచుకుంటూ నేరుగా మన మీదికొచ్చి నోరు తెరిచి మనల్ని మింగేస్తుంది. తెర మొత్తం నలుపు. ఆ నలుపే ఆ జోకు. రంగు వేసిన ప్రతిలో ఆ నోటి లోపల ముదురు మెరూన్ ఉంది. పళ్ల డాక్టరు దగ్గర కూర్చున్నట్టుంది తప్ప భయం లేదు, నవ్వూ లేదు. ఆ తరవాత ఒకడు ఇంకొకడి తొడ ఎముకలు ఊడబెరికి, వాడి వెన్నుపూసల మీదే జైలోఫోన్ వాయిస్తాడు. చిమ్మచీకటి, దాని మీద తెల్ల గీత. అంతకంటే ఏమీ అక్కర్లేదని గీసినవాడికి తెలుసు.

ఇక ఫ్రేముల సంగతి. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. వీళ్లు ఇస్తున్నవి 60. మిగతా 36 ఎవరు గీశారు? ఎవరూ గీయలేదు. ముందు ఫ్రేముకీ వెనక ఫ్రేముకీ మధ్య యంత్రం ఊహించి సాగదీసింది. ఐవర్క్స్ దాదాపు సినిమా మొత్తం తన చేత్తోనే గీశాడు. మధ్యలో వచ్చే బొమ్మలైనా సహాయకులకు వదిలెయ్యమని వాల్ట్ డిస్నీ పోరుపెట్టినా వినలేదు. ఇద్దరికీ చెడిన కారణాల్లో అదొకటి. 1930 మొదట్లో ఆయన డిస్నీని వదిలి వెళ్లిపోయాడు. తోటి చిత్రకారుడికే ఇవ్వని పనిని ఇప్పుడు ఊరూపేరూ లేని యంత్రం చేసి పెట్టింది. దానికి మనం "వావ్" అని బొటనవేలు ఎత్తి చూపిస్తున్నాం.

ఆ సినిమాకు సంగీతం కార్ల్ స్టాలింగ్‌ది. శ్మశానంలో అస్థిపంజరాలు ఆడితే ఎలా ఉంటుందన్న ఆలోచన కూడా ఆయనదే. బొమ్మను బట్టి సంగీతమా, సంగీతాన్ని బట్టి బొమ్మా అని డిస్నీతో వాదులాట వచ్చి, చివరకు రాజీ కుదిరింది: మిక్కీ సినిమాల్లో బొమ్మదే పెద్దరికం, సిల్లీ సింఫనీలనే కార్టూన్ల వరుసలో సంగీతానిది. ఆ వరుసలో మొదటిది ఇదే. అంటే ప్రతి ఎముకా తాళం మీద పడాలని లెక్కగట్టి గీశారు. 60 ఫ్రేముల ప్రతిలో ఏ ఎముకా ఎక్కడా పడదు. జారుతుంది. నూనెలో వేసిన నాట్యం.

ఇంతవరకూ నవ్వుకుంటూనే చూశాను. కానీ ఆ వీడియోలో మొదటి అరనిమిషం లేదని గమనించాక నవ్వు ఆగిపోయింది. పేర్లు వేసే పలక కోసేశారు. ఐవర్క్స్ పేరు లేదు. దాని స్థానంలో రంగు వేసినవాడి లోగో, మూలన ఆద్యంతం వాడి నీటిముద్ర, చివర "దయచేసి మా అనుమతి లేకుండా వాడవద్దు" అన్న హెచ్చరిక. సిగ్గుండాలి. అమెరికాలో కాపీహక్కు 95 ఏళ్లు నడిచి 2025 జనవరి 1న ఆ సినిమా జనం సొత్తయింది. అందరిదీ అయిందంటే ఎవడైనా తన పేరు చెక్కుకోవచ్చని కాదు. ఊరుమ్మడి చెరువు గట్టు మీద రాత్రికి రాత్రి గేటు పెట్టుకున్నవాడిని మన ఊళ్లో ఏమంటారో ఇక్కడ రాస్తే ఎడిటరుగారు కొట్టేస్తారు.

పైగా ఇదంతా పాత సినిమాను బతికించడమేనని చెప్పుకుంటున్నారు. బతికించడం అంటే ఏమిటో ఈ న్యూజెర్సీలోనే లిటిల్ ఫెర్రీ ఊరికి వెళ్లి అడగాలి. 1937 జులైలో అక్కడి ఫాక్స్ గిడ్డంగిలో నైట్రేట్ ఫిల్ము అంటుకుని ఎన్ని మూకీ సినిమాలు బూడిదయ్యాయో! అమెరికాలో వచ్చిన దాదాపు 11 వేల పెద్ద మూకీ చిత్రాల్లో మొదట విడుదలైన రూపంలో మిగిలినవి 14 శాతమేనని 2013లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నివేదిక తేల్చింది. పొట్టి కామెడీలు ఆ లెక్కలోనే లేవు. ఎవరి అటకమీదో దొరికిన చుట్టను, చేతికి తొడుగులు వేసుకుని, ఫ్రేము ఫ్రేమూ విడదీసి, కుళ్లినచోట ఇంకో దేశంలో దొరికిన ప్రతితో అతికి, నెలల తరబడి కూర్చునేవాళ్లు ఉన్నారు. వాళ్ల పని పూర్తయితే సినిమా నలుపు తెలుపులోనే ఉంటుంది, ఎందుకంటే అది నలుపు తెలుపు సినిమా. వాళ్లకు చందా ఇవ్వమంటే ఎవరూ పలకరు. వాళ్లు కష్టపడి శుభ్రం చేసిన ప్రతినే దించుకుని గులాబీ రంగు కొట్టేవాడికి మాత్రం లక్షల్లో చూపులు.

ఇది కొత్త తెలివి కూడా కాదు. 1960ల చివర్లో పోర్కీ పిగ్ నలుపు తెలుపు కార్టూన్లను దక్షిణ కొరియాకు పంపి, పాత బొమ్మల మీద కాగితం పెట్టి మళ్లీ గీయించి, రంగులు పూయించి టీవీలకు అమ్మారు. ఖర్చు తగ్గుతుందని మధ్యలో బొమ్మలు ఎగరగొట్టారు. అప్పుడు మింగేశారు, ఇప్పుడు కక్కుతున్నారు. 1980ల్లో టెడ్ టర్నర్ తాను కొన్న పాత సినిమాలకు కంప్యూటరుతో రంగులేయిస్తే దర్శకులు వాషింగ్టన్ దాకా వెళ్లి మొత్తుకున్నారు. ఆ గొడవ మీద 1988లో ఒక చట్టమే వచ్చింది.

మనకేం తక్కువ? 'మాయాబజార్'కు 2010లో రంగులద్దుకున్నాం. సరే, ఘటోత్కచుడి కిరీటం బంగారమని అందరికీ తెలుసు, పెద్ద నష్టం లేదనుకుందాం. కానీ మార్కస్ బార్ట్‌లే నలుపు తెలుపులో పండించిన వెన్నెలకు ఏ రంగు వేస్తారు? వేశారు. నీలం.

మూకీల హాస్యనటుడు కీటన్‌నీ వదల్లేదు. 1921 నాటి 'ది హాంటెడ్ హౌస్'లో మెట్లు ఒక్కసారిగా చదునై బస్టర్ కీటన్ జర్రున జారతాడు, ముఖంలో మాత్రం ఒక్క కండరం కదలదు. అప్పటి ఫిల్ముకు ఎరుపు కనిపించేది కాదు, నల్లగా పడేది. అందుకే నటులు ముఖాలకు వింత వింత రంగులు పూసుకుని నిలబడేవారు. ఆ రోజు సెట్లో ఉన్న "నిజమైన రంగు" తెస్తే కీటన్ సున్నం కొట్టిన గోడలా కనబడాలి. వీళ్లు మాత్రం ఆయన్ను వేసవి సెలవులకు సముద్రతీరానికి వెళ్లొచ్చినవాడిలా చేశారు. ఆ కాలపు ఇంకో హాస్యనటుడు హెరాల్డ్ లాయిడ్ 'హాంటెడ్ స్పూక్స్' తీస్తున్న రోజుల్లోనే, 1919లో, ఫొటో కోసం పట్టుకున్న ఉత్తుత్తి బాంబు నిజంగా పేలి ఆయన కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ పోయాయి. కోలుకుని, చేతికి తొడుగు వేసుకుని సినిమా పూర్తిచేశాడు. వేళ్లు లెక్కపెట్టడం చేతకాని యంత్రానికి ఆ చెయ్యి అప్పగించారు. ఫలితం నేను వర్ణించను.

"ఆ రోజుల్లో కామెడీ ఎంత అమాయకంగా ఉండేదో" అన్న మాట మరొకటి. ఆ లాయిడ్ సినిమాలోనే నల్లజాతి పనివాళ్లు దెయ్యమంటే వణికిపోయే పిరికివాళ్లని చూపించి నవ్వించారు. చూడాల్సిందే, చూసి ఇబ్బంది పడాల్సిందే. 1932 నాటి బెట్టీ బూప్ కార్టూన్ 'మిన్నీ ద మూచర్'లో గుహలో పాడే దెయ్యం వాల్రస్ నడక అచ్చంగా జాజ్ గాయకుడు క్యాబ్ క్యాలొవే నడక. ఆయన్ను ఫిల్ము తీసి, ఆ కదలికల మీద ఫ్లైషర్ బృందం బొమ్మ గీసింది. ఆ పాటేమో కొకైన్ అలవాటున్నవాడి వెంట పడ్డ అమ్మాయి కథ. మా కార్యక్రమ పట్టికలో దాని పక్కన "3 ఏళ్లు పైబడినవారికి" అని ఉంది.

డిస్నీకి రంగు కావాల్సినప్పుడు 1932లో 'ఫ్లవర్స్ అండ్ ట్రీస్' రంగుల్లో తీశాడు, అంతకుముందు నలుపు తెలుపులో చేసిన పని పక్కన పడేసి మరీ. రంగు కావాల్సినప్పుడు ఏం చేయాలో అంతకుముందు మూకీలు తీసినవాళ్లకూ తెలుసు. మూకీల్లో రాత్రి దృశ్యానికి ఫిల్మంతా నీలంలో ముంచేవారు, మంటలకు ఎరుపులో. వాళ్లు ముంచనిదాన్ని మనం ముంచనక్కర్లేదు.

31న రాత్రి మా గ్యారేజీలో నేనూ ఒక దుప్పటి కడుతున్నాను. ప్రొజెక్టరు అద్దెకు తెచ్చాను. స్కెలిటన్ డ్యాన్స్, బెట్టీ బూప్ హాలోవీన్ పార్టీ, కీటన్. ఉన్నవి ఉన్నట్టు. బొమ్మ నలుచదరానికి దగ్గరగా ఉంటుంది, పక్కన ఖాళీలు వస్తాయి, వస్తే రానివ్వండి. బజ్జీలు మా దగ్గరా ఉంటాయి. బావమరిది కూడా వస్తానన్నాడు. లాప్‌టాప్ తేవద్దని ముందే చెప్పాను.

రాలేనివాళ్లు ఇంట్లో చూసేటట్టయితే, టీవీలో కదలికను నున్నగా చేసే సెట్టింగు ఒకటి ఉంటుంది, అది ఆపేసి చూడండి. ఎక్కడుందో తెలియకపోతే, నలుపు తెలుపు అర్థం కాదని మీరంటున్న ఆ పిల్లల్ని అడగండి.