బెల్టు ఇంకా తెగలేదు కదా!

కారు టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చాలో కంపెనీవాళ్లు బండితో ఇచ్చే పుస్తకంలో రాసే ఉంచుతారు. బండిని బట్టి 60 వేల కిలోమీటర్లకో, లక్షకో, కాదంటే నాలుగైదేళ్లకో, ఏది ముందొస్తే దానికి. ఆ పుస్తకం మీ దగ్గర లేదు. మీది ముగ్గురి చేతులు మారి వచ్చిన సాంట్రో. డ్యాష్‌బోర్డు అర తెరిస్తే దొరికేవి గడువు దాటిన పీయూసీ కాగితాలు, సిద్ధివినాయకుడి ప్రసాదం పొట్లం, రాయని పెన్ను. అందుకని ముంబైలో కామాఠీపురా గల్లీల్లోనూ, వర్లీ బీడీడీ చాళ్లలోనూ చిట్టీలు కడుతూ, ఊళ్లో ఇంటికి స్లాబు వేయిస్తూ, మధ్యలో ఒక కారును కూడా నెట్టుకొస్తున్న మన తెలుగు సంసారుల కోసం ఈ సలహాలు. తు.చ. తప్పకుండా పాటిస్తే బెల్టు మీద మీకు రూపాయి ఖర్చు కాదు. మిగతా ఖర్చులకు పూచీ నాది కాదు.

అన్నిటికన్నా ముందు, మీ బండికి అసలు బెల్టుందో లేదో తెలుసుకోకండి. తెలిస్తే సగం సుఖం పోతుంది. పాత వ్యాగనార్‌కు బెల్టు, 2010లో కె సిరీస్ ఇంజనుతో వచ్చిన వ్యాగనార్‌కు చెయిన్. సాంట్రో జింగ్‌కు బెల్టు, డీజిల్ ఇండికాకు బెల్టు, డీజిల్ స్విఫ్ట్‌కు చెయిన్. చెయిన్ బండి కొనుక్కుని, బెల్టు ఖర్చు ఏళ్ల తరబడి తప్పించుకుంటున్నామని సంబరపడే పెద్దమనుషులు ప్రతి గల్లీలోనూ ఉంటారు. వాళ్ల లెక్కలో అదీ ఆదాయమే.

ఇక ఆ బెల్టు చేసే పని. ఇంజను అడుగున క్రాంక్ షాఫ్టు, నెత్తిన క్యామ్ షాఫ్టు. అడుగుదాన్ని పిస్టన్లు తిప్పుతాయి, నెత్తిది వాల్వులను తెరిచి మూస్తుంది. కిందిది రెండు చుట్లు తిరిగేలోగా పైది ఒక్క చుట్టు తిరగాలి. ఈ లెక్క తప్పకుండా రెంటినీ ముడివేసేది లోపలివైపు పళ్లున్న రెండు వేళ్ల వెడల్పు రబ్బరు పట్టీ. ఇంజను నిమిషానికి మూడు వేల చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు సెకనుకు పాతిక సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. చాలా ఇంజన్లలో వాల్వు దిగే చోటికే పిస్టనూ లేస్తుంది, కాకపోతే వంతులవారీగా. చాల్లో ఉమ్మడి పాయిఖానా లాంటి ఏర్పాటన్నమాట. ఒకరు బయటికొచ్చాకే ఇంకొకరు లోపలికి. బెల్టు తెగిన క్షణాన పైనున్న వాల్వులు తెరుచుకున్నవి తెరుచుకున్నట్టే నిలిచిపోతాయి. కింద పిస్టన్లు మాత్రం ఊపు మీద లేచి వెళ్లి వాటిని గుద్దుతాయి. సాంట్రో జింగ్‌కు పన్నెండు వాల్వులు. ఎన్ని వంగాయో హెడ్డు దింపితేగానీ తెలియదు.

చప్పుడు వచ్చేదాకా ఆగమన్నది అసలు సలహా. ఇది మనకు తాతల నుంచి వచ్చిన ఆస్తి, తేలిగ్గా వదులుకోకూడదు. వర్లీ, పరేల్ మిల్లుల్లో సాంచాలు (మరమగ్గాలు) నడిపిన పద్మశాలీ పెద్దలకు పట్టా అంటే తోలు పట్టా. షాఫ్టు మీంచి సాంచాకు దిగే ఆ పట్టా తెగే ముందు నానా యాగీ చేసేది. అతుకు దగ్గర కుట్లు వదులైతే చక్రం మీదికి వచ్చిన ప్రతిసారీ టక్కు టక్కుమనేది. జారితే కాలిన తోలు వాసన కొట్టేది. చెవీ ముక్కూ ఉన్న మనిషి ఒక పూట ముందే సాంచాలు బాగుచేసే జాబరును పిలిచేవాడు. 1982 జనవరి 18న మిల్లు సమ్మె మొదలై, తర్వాత మిల్లులూ పోయాయి, సాంచాలూ పోయాయి. చెవి మీద నమ్మకం మాత్రం ఇంట్లో మిగిలిపోయింది.

దాన్ని ఇంకా బలపరిచింది ప్రీమియర్ పద్మిని. కుర్లాలో 1964 నుంచి ఫియట్ 1100 డిలైట్‌గా తయారై, 1974లో పద్మిని పేరు పెట్టుకున్న ఈ బండి ఇంజనులో ఉన్నది చెయిన్. వదులైతే బానెట్టు ముందుభాగంలో గరగరమని నెలల తరబడి గోల పెట్టేది. డ్రైవరు పాట వాల్యూమ్ పెంచేవాడు. గరగర ఇంకా పెరిగి, పాసింజరే "యే క్యా ఆవాజ్ హై?" అని అడిగే దశ వచ్చినప్పుడు మిస్త్రీ దగ్గరికి పోతే సరిపోయేది. (ఇటలీలో అదే ఫియట్ కంపెనీ 1966లోనే 124 స్పోర్ట్ ఇంజనుకు పళ్ల రబ్బరు బెల్టు తొడిగింది. ఆ కబురు కుర్లా దాకా రాలేదు.) చివరి పద్మిని టాక్సీ మన పక్కనున్న తాడ్‌దేవ్ ఆర్టీవోలో 2003 అక్టోబరు 29న రిజిస్టరైంది. టాక్సీకి ఇరవై ఏళ్లే ఆయుష్షు గనక 2023 అక్టోబరు 30 నుంచి అదీ రోడ్డెక్కలేదు. దాని జాగాలోకి వచ్చిన బండ్లలో కొన్నిటికి చెయిన్ పోయి రబ్బరు వచ్చింది. రబ్బరు మూగది. ఎప్పుడైనా ఆ వైపు నుంచి కూత లాంటిది వినబడితే అది బెల్టును బిగించి పట్టే టెన్షనరు బేరింగుదో, వాటర్ పంపుదో అయ్యుంటుంది. బెల్టు దానంతటది నోరు విప్పదు. కాబట్టి ఈ సలహా పాటిస్తే మీరు ఎంతకాలమైనా నిశ్చింతగా ఆగవచ్చు.

"మామా, ఊరికి పోయే ముంగట బెల్టొకటి మార్పిస్తే అయిపోతది గదా?"

"తెగిందారా?"

"తెగలే."

"తెగనిదాన్ని ఎవడన్న మార్పిస్తడారా? సావుకారి ఇంట్ల పుట్టినట్టు మాట్లాడ్తవేంది!"

ఈ వాదానికి ఇంతవరకు ఏ అల్లుడూ జవాబు చెప్పలేకపోయాడు.

నిజానికి వాయిదా వేయడంలో మనకున్నంత అనుభవం ఇంకెవరికుంది? హార్న్‌బీ వెల్లార్డ్ గట్టు కట్టి సముద్రాన్ని ఆపాక ఆరిన బురద నేల మీద, 1795 ప్రాంతంలో, తెలంగాణ నుంచి కట్టడం పనులకు వచ్చిన కామాఠీలు గుడిసెలు వేసుకున్నారు, అదే కామాఠీపురా. ఊరందరికీ గోడలు లేపినవాళ్ల మనవలు ఇప్పుడుంటున్నది గ్యాలరీకి దుంగల ఊతం పెట్టిన ఇళ్లలో. 1940 సెప్టెంబరుకు ముందు కట్టినవి మరమ్మతు పన్ను కట్టే సెస్ భవనాల్లో 'ఎ' తరగతి. వానాకాలం ముందు గృహనిర్మాణ సంస్థ మ్హాడా ఏటా అతి ప్రమాదకర భవనాల జాబితా వేస్తుంది. మనం అందులో మన నంబరు చూసుకుంటాం. లేకపోతే హమ్మయ్య అనుకుంటాం, ఉంటే వచ్చే ఏడు తీసేస్తారేమో చూద్దామనుకుంటాం. రీడెవలప్‌మెంట్ మాట వింటూ పిల్లలు పుట్టారు, పిల్లల పెళ్లిళ్లయ్యాయి. అయితే ఒక్క తేడా ఉంది, అది చెప్పకపోతే తప్పవుతుంది. భవనం పెచ్చులు రాలుస్తుంది, బీట వారుతుంది, తలుపు పట్టేసేలా చేస్తుంది, నోటీసు కూడా పంపిస్తుంది. బెల్టు ఏ జాబితాలోనూ ఎక్కదు.

కిలోమీటర్ల లెక్క ఎలా వేయాలంటే, మీటరు చూసి వేయండి. ఆ మీటరును మీకన్నా ముందు ఎవరు వెనక్కి తిప్పారో ఆలోచించకండి. బెలాసిస్ రోడ్డు సిగ్నల్ దగ్గర పావుగంట ఇంజను ఆన్‌లో నిలబడితే మీటరు కదలదు. కదల్లేదు గనక బెల్టు కూడా తిరగలేదనే అనుకోండి. దాదర్ పోయి రావడానికి పట్టే రెండు గంటల్లో మీటరు మీద పడేది పదిహేను కిలోమీటర్లయితే, బెల్టు తిరిగింది రెండు గంటలు. మనకెందుకు! మరోవైపు, బండి నెలంతా గల్లీలో కవరు కింద నిద్రపోతోంది కాబట్టి బెల్టు అరగదన్న ధైర్యం కూడా పెట్టుకోండి. రబ్బరుకు ఇంజను వేడీ వయసూ చాలు ఎండి పగలడానికి, దాని మీద క్యామ్ సీలు నుంచి ఆయిలు కారితే ఇంకా తొందర. ఇలాంటి సంగతులు మిస్త్రీలు డబ్బు కోసం చెబుతారనుకుంటే రాత్రి నిద్ర పడుతుంది.

ఇక ఎప్పుడు మార్పించాలంటే, చిట్టీ ఎత్తినప్పుడు. చిట్టీ ఎత్తిన నెలలోనే స్కూలు ఫీజు వస్తుంది, కనుక దసరాకు. దసరాకు ఊరు పోవాలి, బతుకమ్మకు చీరలు కొనాలి, కనుక వచ్చాక. చిన్న బండికి బెల్టు, టెన్షనరు, కూలీ కలిపితే నాలుగైదు వేలు. తెగితే హెడ్డు దింపడం, వాల్వులు, గ్యాస్కెట్టు, లేత్ పని కలిసి దానికి నాలుగైదు రెట్లు. ఈ లెక్క మనవాళ్లకు రాదనుకునేవాళ్లు మనవాళ్లను ఎరగరు. బాగా వచ్చు. అయితే మొదటి నాలుగు వేలు ఈ నెల జేబులోంచి పోతాయి. ఆ ఇరవై వేలు ఇంకా రాని నెలవి, ఆ నెలకు చిట్టీ ఉంటుంది, బావమరిది ఉంటాడు, దేవుడుంటాడు. పైగా మిస్త్రీ దగ్గర బండి ఒకరోజు ఆగితే, దాన్ని నమ్ముకుని టిఫిన్ డబ్బాలనో, స్కూలు పిల్లలనో తిప్పేవాడికి ఆ రోజు సంపాదన కూడా పోతుంది. దాన్ని ఎవరూ బిల్లులో రాయరు.

ఖర్మ కాలి మార్చక తప్పకపోతే దో టాంకీ దాకా నడవండి. అక్కడ కొన్ని దుకాణాల్లో బెల్టులు ఎండ తగిలే మేకులకు వేలాడుతుంటాయి. ఒకటి తీసి, పిడికిట్లో పట్టేంత చిన్నగా మడిచి, రబ్బరు బ్యాండు వేసి చేతిలో పెడతాడు. లోపలి గాజునార పోగులు అలా మడిస్తే విరుగుతాయని, బెల్టును మడవడం, మెలిపెట్టడం చేయొద్దని తయారీదార్లే చెబుతారు. మీరదేం పట్టించుకోకండి. "ఒరిజినల్ హై క్యా?" అని అడగండి. "ఒరిజినల్ కా బాప్ హై" అంటాడు. బాప్ వయసెంతో అడగొద్దు.

మిస్త్రీ ముందు కవరు విప్పి, క్రాంకు, క్యామ్ గుర్తులు కలిపి, వాటి మీద తెల్ల పెయింటు చుక్కలు పెడతాడు. ఈ చుక్కలు పెట్టేవాడు మంచి మిస్త్రీ, అతణ్ని వదులుకోవద్దు. ఒక్క పన్ను అటూ ఇటూ అయినా ఇంజను వణుకుతుంది. ఈ మాట మాత్రం నిజంగానే చెబుతున్నా. ఇప్పుడతను టెన్షనరును వేలితో తిప్పి చూపించి, "ఇదీ మార్చేద్దాం సేఠ్, సీలు కూడా కారుతోంది" అంటాడు. కొన్ని బండ్లలో వాటర్ పంపును కూడా ఇదే బెల్టు తిప్పుతుంది, దాన్నీ చూపిస్తాడు. అక్కడే మీ తెలివంతా చూపాలి. బెల్టు ఒక్కటే మార్చమనండి. ఎనిమిది వందల టెన్షనరు మిగుల్తుంది. అది ఆరునెలలకు పట్టేసి కొత్త బెల్టును తెంపేస్తే, నాసి బెల్టు వేశాడని ఆ మిస్త్రీనే తిట్టుకోవచ్చు.

బెల్టు మార్చనూ లేదు, దసరాకు పాలమూరు ప్రయాణమూ ఖాయమైంది. అప్పుడు చేయాల్సిందల్లా బెల్టు తెగే చోటును ఎంచుకోవడం. ఖండాలా ఘాట్ సొరంగాల్లో వద్దు. వెనక ట్రక్కులవాళ్లు మీ ఏడు తరాలనూ మరాఠీలో, పంజాబీలో తలుచుకుంటారు. ఉమర్గా దాటితే రాత్రవుతుంది. సోలాపూర్ అన్నిటికన్నా అనుకూలం. సగం పద్మశాలీల ఊరిలాగే ఉంటుంది, మార్కండేయ గుడి ఉంది, మిస్త్రీతో బేరం తెలుగులోనే ఆడుకోవచ్చు. హెడ్డు లేత్‌కు పోయి వచ్చేలోపు ఇంటిల్లిపాదికీ చద్దర్లు కొనుక్కోవచ్చు.

తెగినప్పుడు పెద్ద ఆర్భాటమేమీ ఉండదు. నడుస్తున్న ఇంజను టక్కున ఆగుతుంది. తాళం తిప్పితే స్టార్టరు మామూలుకన్నా తేలిగ్గా, గిర్రున తిరుగుతుంది, ఇంజను మాత్రం అందుకోదు. అప్పుడు చుట్టూ చేరిన నలుగురూ "ఇంకోసారి కొట్టు, ఇంకోసారి" అంటారు. కొట్టండి. వంగకుండా మిగిలిన వాల్వులేవైనా ఉంటే వాటికీ న్యాయం జరుగుతుంది. తర్వాత అందరూ దిగి తోయండి, మూడో గేరులో వేసి క్లచ్ వదలండి. అప్పటికీ కాకపోతే ఆడవాళ్లనూ పిల్లలనూ బస్సెక్కించండి.

ఇదంతా పడలేనివాళ్లకు ఒక దారుంది. అమ్మేయండి. కొనడానికి వచ్చేవాడు పక్క గల్లీలోని మీ తోడల్లుడే అయ్యుంటాడు. బానెట్టు ఎత్తి మొదట అడిగేది కూడా అదే, "అన్నా, బెల్టెప్పుడు మార్పిచ్చినవే?" అని. టైమింగ్ బెల్టు ప్లాస్టిక్ కవరు వెనకాల ఉంటుంది, పానా లేనిదే కనబడదు. ఆల్టర్నేటరును తిప్పే ఫ్యాన్ బెల్టు బయటే ఉంటుంది, టైమింగ్ బెల్టు కన్నా చాలా చవక. మొన్న ఆదివారమే మీరు దాన్ని మార్పించి ఉంటారు. నల్లగా నిగనిగలాడుతుంటుంది, మీద కంపెనీ పేరు తెల్లటి అక్షరాల్లో ఇంకా చెరిగిపోకుండా ఉంటుంది. దాన్ని చూపించండి.