కలకడ శక్తిమాన్ పద్యమునకు టీకా తాత్పర్యము

శక్తిమాను వచ్చె శనివార మిన్నాళ్లు
ఆదివార మయ్యె నన్న నేడు
కూర లుడుకువేళ కూర్చుందుమే గాని
మన కరెంటు నిలుచు మాట కలదె!

అవతారిక: 1997 సెప్టెంబరులో దూరదర్శన్‌లో శక్తిమాన్ మొదలైంది. మొదట శనివారం పొద్దున, మంగళవారం సాయంత్రం వచ్చేది. తర్వాత ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకు మార్చారు. ఆ వార్త కలకడ టీ అంగడికి చేరినప్పుడు పుట్టిన ఆటవెలది ఇది అనుకోండి. కవి పేరు అడగవద్దు, అంగట్లో బాకీ ఉన్నాడు.

ప్రతిపదార్థము: అన్న = ఓ అన్నా; శక్తిమాను = ముఖేష్ ఖన్నా; ఇన్నాళ్లు = ఇంతవరకు; శనివారము వచ్చె = మనము బడిలో ఉండగా వచ్చెను; నేడు ఆదివారమయ్యెను = ఇప్పుడు ఆదివారమునకు మారెను; కూరలు ఉడుకు వేళ = కోడికూర పొయ్యి మీద ఉండు వేళ; కూర్చుందుమే గాని = టీవీ గలవారి వసారాలో ముందు వరస పట్టుకొని కూర్చుందుము గాని; మన కరెంటు = సబ్‌స్టేషన్ వారు దయచేయు కరెంటు; నిలుచు మాట = ఆట ముగిసేదాకా ఆగు మాట; కలదె = కలదా? లేదని భావము.

తాత్పర్యము: ఢిల్లీలో వాళ్లు వేళ మార్చినారు, సరే. కలకడలో కరెంటును మార్చేదెవరప్పా?

విశేషములు: మొదటి పాదానికీ రెండో పాదానికీ మధ్య సంధి చేయలేదని పుంగనూరు పండితుల ఆక్షేపణ. చేసేవాడే, అక్కడ కరెంటు పోయింది.

‘కూర లుడుకువేళ’ అన్నచోట ‘టమోటాలు కోసే వేళ’ అని మదనపల్లె పాఠం. అది ఛందస్సుకు పొసగదు, మండీకి పొసగుతుంది.

శక్తిమాన్‌ను సైన్స్ ఫిక్షన్ అంటే, కుండలినీ యోగంతో శక్తి పొందినవాడి కథ అదెట్లవుతుందని పూర్వపక్షం. 1998లో మిలింద్ సోమన్ వేసిన ‘కెప్టెన్ వ్యోమ్’ మాత్రమే ఆ జాతికి చెందుతుందని కుప్పం వారి వాదం. సమాధానం: శక్తిమాన్‌లో మాటకు ముందు ‘పవర్’ అని అరిచే డాక్టర్ జైకాల్ శాస్త్రవేత్తే గదా. ఆయన అంతలా అరిచినా మనకు పవర్ రాలేదు, అది వేరే సంగతి. లోకంలో చీకటే నిలవాలని కోరే తమరాజ్ కిల్విష్ కోరిక మాత్రం ఏ తపస్సూ లేకుండానే కలకడలో నెరవేరేది.

సంభాషణలన్నీ హిందీలో ఉండేవి. అర్థం కానివారికి పక్కన కూర్చున్న ఉర్దూ వచ్చిన నేస్తుడే టీకాకారుడు. అతడు ఒక వాక్యం చెప్పేలోగా తెరమీద మూడు దాటిపోయేవి. కిల్విష్ ఏమన్నాడంటే ‘చంపేస్తానంటున్నాడు’ అనేవాడు. నిజానికి తాత్పర్యం అంతే.

వేళ చెడితే కథ చెడుతుందన్నది ఒక్క కలకడ అనుభవం కాదు. అమెరికాలో ‘స్టార్ ట్రెక్’ అభిమానులు కట్టలకొద్దీ ఉత్తరాలు రాసి మూడో ఏడు తెచ్చుకుంటే, 1968లో ఎన్‌బీసీ వారు దాన్ని శుక్రవారం రాత్రి పదింటికి వేశారు. చూడవలసిన కుర్రకారు ఆ వేళకు ఇంట్లో ఉంటారా? మరుసటి ఏడు 79 భాగాలతో మంగళం పాడారు. 2002లో ఫాక్స్ వారు ఇంకొక మెట్టు పైకెక్కారు. ‘ఫైర్‌ఫ్లై’ని అదే శుక్రవారానికి కట్టబెట్టి, మొట్టమొదటి కథను అన్నిటికంటే చివర డిసెంబరులో చూపారు. నాందిని భరతవాక్యం చోట పెడితే ఏ నాటకం నిలుస్తుంది? తీసిన 14 భాగాల్లో 11 వేసి ఆపేశారు.

ఈ లెక్కన దూరదర్శన్‌ను తిట్టడం అన్యాయం. బడి లేని రోజు, ఇంటిల్లిపాదీ ఒకచోట ఉండే వేళ. పిల్లల బొమ్మకు అంతకంటే మంచి ముహూర్తం ఏ పంచాంగంలోనూ లేదు. 2005లో అది నిలిచిపోవడానికి కారణం వేళ కాదు, ఆ వేళకు కట్టవలసిన రుసుము పెరుగుతూ పోవడమని ముఖేష్ ఖన్నాయే చెప్పుకున్నాడు. కాబట్టి పద్యంలోని నింద మూడు పాదాల దాకా దూరదర్శన్ మీద ఉన్నట్టు కనబడినా, నాలుగో పాదంలో చేరవలసిన చోటికే చేరింది.

ఇంకా సందేహమున్నవారు లైన్‌మన్‌ను అడుగవలెను.